నిజామాబాద్ నుంచి ఇస్తాంబుల్ దాకా

అల్ ఖువైర్‌లో ఏ తెలుగింటికి వెళ్లినా ఆటల మాట వస్తే అది క్రికెట్ మాటే. శుక్రవారం పొద్దున్నే ఎండ ముదరకముందే బ్యాట్లు కార్లలో వేసుకుని బయలుదేరే మిత్రులు మనలో చాలామందే ఉన్నారు. పిల్లల సంగతికొస్తే ఈత, బ్యాడ్మింటన్, కరాటే. ముష్టియుద్ధం ఊసు మాత్రం మన ఇళ్లలో ఎవరూ ఎత్తరు. ఎత్తినా అది మహమ్మద్ అలీ దగ్గర మొదలై మైక్ టైసన్ దగ్గర ముగిసిపోతుంది. అటువంటి ఆటలో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, ఒక్క ఏడాదిలోనే, మూడు దేశాల్లో మూడు అంతర్జాతీయ స్వర్ణ పతకాలు గెలిచింది.

పేరు అందరమూ విన్నదే. గెలిచిన రోజుల్లో ఫొటోలు ఒకరికొకరం పంపుకున్నాం, సంతోషించాం, తరువాత ఎవరి పనుల్లో వాళ్లం పడిపోయాం. అయితే ఆమె కథలో గల్ఫ్‌లో కాపురాలుంటున్న మనకు సూటిగా తగిలే వాక్యం ఒకటుంది. పతకాల హడావిడిలో అది ఒక మూలకు పోయింది. నిఖత్ తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ సౌదీ అరేబియాలో పదిహేనేళ్లు సేల్స్ ఉద్యోగం చేసి, కూతుళ్ల చదువుల కోసం, ఆటల కోసం నిజామాబాద్‌కు తిరిగి వెళ్లిపోయాడన్నదే ఆ వాక్యం.

ఎముకల డాక్టరుగా నా దగ్గరకు నడుం నొప్పితో, మోకాళ్ల నొప్పితో వచ్చే తెలుగు కార్మికుల్లో నిజామాబాద్, కరీంనగర్ వైపు వాళ్లు ఎక్కువ. తిరిగి ఎప్పుడు వెళతారని అడిగితే ఇంచుమించు అందరిదీ ఒకే జవాబు. "ఇంకో రెండేండ్లు సార్, బిడ్డ పెండ్లి జేసి పోత" అంటారు. ఆ రెండేళ్లు ఎన్నిసార్లు ఐదేళ్లయ్యాయో నేను చూస్తూనే ఉన్నాను. మన సంగతి మాత్రం ఏమంత వేరు? వాళ్లది బిడ్డ పెళ్లి, మనది బిడ్డ మెడిసిన్ సీటు. గల్ఫ్ డబ్బు ఇంటి స్లాబుకో, అప్పుకో, పెళ్లికో పోవడం మనకు తెలిసిన లెక్క. కూతురి ఆట కోసం గల్ఫ్ వదిలి వెళ్లడం మనకు తెలియని లెక్క. అందుకే ఆ తండ్రి నిర్ణయం నన్ను ఆకట్టుకున్నది.

కలెక్టరేట్ మైదానం

నలుగురు ఆడపిల్లల్లో మూడవదైన నిఖత్ 1996 జూన్ 14న పుట్టింది. మొదట పరుగు పందాల పిల్ల. జమీల్ స్వయంగా ఆటగాడు కావడంతో కూతురిని నిజామాబాద్ మైదానానికి తీసుకువెళ్లేవాడు. అక్కడ బాక్సింగ్ చేసేవాళ్లంతా మగపిల్లలే. ఆడపిల్లలు ఎందుకు లేరన్న ప్రశ్నతోనే ఆమె ఆ ఆటలోకి అడుగుపెట్టింది. స్థానిక కోచ్ షంసాముద్దీన్ దగ్గర మగపిల్లలతోనే సాధన. మొదట్లో ఒకనాడు ముఖం మీద దెబ్బలతో ఇంటికి వస్తే తల్లి పర్వీన్ సుల్తానా కన్నీళ్లు పెట్టుకుందట. ఇలా అయితే పెళ్లెలా అవుతుందని ఆమె బెంగ. పేరు వస్తే పెళ్లికొడుకులే వరస కడతారని కూతురే తల్లికి ధైర్యం చెప్పిందని తరువాత పత్రికల్లో చదివాం. పొట్టి నిక్కరు వేసుకుని ఆడే ఆటేమిటని అన్నవారికి జవాబు చెప్పే పని తండ్రి తీసుకున్నాడు.

2009లో ఆమె విశాఖపట్నం చేరింది. అక్కడి భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు ఆమెకు గురువయ్యారు. రెండు రాష్ట్రాల వాళ్లమూ కలిసి పండుగ చేసుకునే మన సంఘంలో ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. శిష్యురాలు ఇందూరు పిల్ల, గురువు విశాఖ గురువు. రెండేళ్లు తిరిగేసరికి, 2011లో, టర్కీలోని అంటాల్యాలో పద్నాలుగేళ్ల నిఖత్ జూనియర్ ప్రపంచ విజేత అయింది.

పదకొండేళ్ల నడక

జూనియర్ కిరీటానికీ సీనియర్ కిరీటానికీ నడుమ పదకొండేళ్లు గడిచాయి. 2017లో భుజానికి గాయమై సుమారు ఏడాది ఆటకు దూరమైంది. ఇక్కడ నా వృత్తి మాట ఒకటి చెబుతాను. మన శరీరంలో అన్నిటికన్నా ఎక్కువగా తిరిగే కీలు భుజమే. అంత స్వేచ్ఛ ఉండడానికి కారణం దాని గిన్నె లోతు తక్కువ కావడం. పట్టంతా కండరాలదీ, స్నాయువులదీ. ఒకసారి ఆ పట్టు చెడితే, నొప్పి పోయినా చెయ్యి విసిరేటప్పుడు మనసులో భయం పోదు. గుద్దే ఆటలో భుజం మీద నమ్మకం తిరిగి రావడమంటే చిన్న విషయం కాదు.

తిరిగి వచ్చాక ఎదురుగా మేరీ కోమ్ ఉంది. ఇద్దరిదీ ఒకే బరువు తరగతి. ఒలింపిక్ అర్హత పోటీలకు ట్రయల్ లేకుండా మేరీ కోమ్‌నే పంపే ఆలోచన సమాఖ్యలో కనబడినప్పుడు, తనకూ న్యాయంగా ఒక అవకాశం ఇవ్వాలని నిఖత్ 2019లో క్రీడల మంత్రికి లేఖ రాసింది. పెద్దావిడను ప్రశ్నించడమా అని కొందరు నొచ్చుకున్నారు. ట్రయల్ జరిగింది. ఆ డిసెంబర్ 28న ఢిల్లీలో నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయింది. అడిగి సాధించుకున్న పోటీలో అందరి ముందూ అంత తేడాతో ఓడడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆమె మాత్రం సాధన మానలేదు.

2022: మూడు నగరాలు

మొదటిది బల్గేరియా రాజధాని సోఫియా. ఫిబ్రవరిలో జరిగిన స్ట్రాంజా స్మారక టోర్నీ సెమీఫైనల్లో టోక్యో ఒలింపిక్ రజత విజేత, టర్కీకి చెందిన బుసెనాజ్ సకిరోగ్లును 4-1తో ఓడించింది. 27న ఫైనల్లో ఉక్రెయిన్ బాక్సర్ తెతియానా కోబ్‌పై కూడా 4-1తోనే గెలిచింది. ఆ ఉక్రెయిన్ అమ్మాయి స్వదేశంలో యుద్ధం మొదలై అప్పటికి మూడు రోజులే అయింది. ఆ పరిస్థితిలో బరిలోకి దిగిన ఆమెకు కూడా మనం నమస్కరించాలి. 2019లో గెలిచిన స్వర్ణంతో కలిపి ఈ టోర్నీలో నిఖత్‌కు ఇది రెండవది.

రెండవది ఇస్తాంబుల్. ప్రపంచ ఛాంపియన్‌షిప్, 52 కిలోల విభాగం. మెక్సికో, మంగోలియా, ఇంగ్లండ్, బ్రెజిల్ బాక్సర్లను వరుసగా 5-0 తీర్పులతో దాటి ఫైనల్ చేరింది. మే 19, గురువారం. ఇక్కడ మనకు వారాంతపు సాయంత్రం. ఎదుట థాయిలాండ్‌కు చెందిన జిత్‌పాంగ్ జుటామస్.

ఈ ఆట లెక్క తెలియనివారి కోసం రెండు ముక్కలు. మూడేసి నిమిషాల రౌండ్లు మూడు, న్యాయనిర్ణేతలు ఐదుగురు. ప్రతి రౌండులో మెరుగైనవారికి 10, రెండవవారికి 9 లేదా అంతకు తక్కువ. 5-0 అంటే ఐదుగురూ ఒకరినే విజేత అన్నారని అర్థం. అంతేగాని ఎదుటివారు చేతులు ముడుచుకు కూర్చున్నారని కాదు. ఆ ఫైనల్లో ఇద్దరు న్యాయనిర్ణేతలు 30-27 ఇస్తే, ముగ్గురు 29-28 ఇచ్చారు. అంటే ఆ ముగ్గురి లెక్కలో నిఖత్ ఒక రౌండు ఓడిపోయింది. అది రెండవ రౌండు. చివరి మూడు నిమిషాల్లో ఆమె మళ్లీ ముందుకు దూకి పోటీని తన చేతిలోకి తెచ్చుకున్నది. మేరీ కోమ్, సరితా దేవి, జెన్నీ, లేఖల తరువాత ప్రపంచ కిరీటం గెలిచిన ఐదవ భారతీయ మహిళ అయింది. అదే పోటీల్లో మనీషా, పర్వీన్ మన దేశానికి కాంస్యాలు తెచ్చారు.

మూడవది బర్మింగ్‌హామ్, కామన్వెల్త్ క్రీడలు. ఈసారి 52 కాదు, 50 కిలోలు. పారిస్ ఒలింపిక్స్‌లో ఉండబోయేది 50 కిలోల విభాగమే కనుక దిగక తప్పలేదు. రెండు కిలోలేగా అని మనకనిపిస్తుంది. కొవ్వు అంటూ మిగలని ఒంట్లోంచి రెండు కిలోలు తియ్యడమంటే తిండితో పాటు నీళ్లు కూడా కొలుచుకు తాగడమే. పోటీ ఉన్న రోజు పొద్దున్నే తూకం తప్పదు. కుస్తీలో 2024 పారిస్ ఫైనల్ నాటి ఉదయం వినేశ్ ఫోగాట్ 100 గ్రాములు ఎక్కువ తూగి ఏమి పోగొట్టుకున్నదో లోకమంతా చూసింది. బర్మింగ్‌హామ్‌లో నిఖత్ తూకమూ నెగ్గింది, బరిలోనూ నెగ్గింది. ఆగస్టు 7న ఉత్తర ఐర్లండ్‌కు చెందిన కార్లీ మెక్‌నాల్‌పై 5-0. మర్నాడు ముగింపు ఉత్సవంలో టేబుల్ టెన్నిస్ ఆటగాడు శరత్ కమల్‌తో పాటు జాతీయ పతాకం ఆమె చేతిలోనే ఉంది. అవే క్రీడల్లో 57 కిలోల కాంస్యం గెలిచిన హుసాముద్దీన్ కూడా నిజామాబాద్ వాడే, కోచ్ షంసాముద్దీన్ కుమారుడే. ఒకే ఊరి మైదానం నుంచి ఇద్దరు! ఆ నవంబర్‌లో నిఖత్ అర్జున పురస్కారం అందుకున్నది.

తరువాతి కథ పూర్తిగా విజయాలదే కాదు. 2023 మార్చిలో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ విజేత అయింది. 2024లో పారిస్‌లో మాత్రం సీడింగ్ లేకుండా దిగి, రెండవ పోటీలోనే చైనాకు చెందిన వు యు చేతిలో ఓడింది. ఆ వు యు చివరికి స్వర్ణం గెలిచింది. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం నిఖత్‌ను డీఎస్పీగా నియమించింది. ఉద్యోగం వచ్చిందని గ్లవ్స్ తీసి పక్కన పెట్టలేదు, ఆట కొనసాగించింది.

ఇక మన ఇళ్ల మాట

మా అమ్మాయి తొమ్మిదవ తరగతి. ఆరేళ్లుగా కరాటే నేర్చుకుంటున్నది. మొదట్లో ఆ క్లాసులో సగం మంది ఆడపిల్లలే. ఇప్పుడు ఆ వయసు వాళ్లు ఇద్దరే మిగిలారు. మిగతావాళ్లను ఎవరూ గట్టిగా మాన్పించలేదు. ఒకరికి ట్యూషన్ సమయం కలిసింది, ఒకరికి పరీక్షలొచ్చాయి, ఒకరి ఇంట్లో "ఇంక పెద్దదయింది కదా" అనుకున్నారు. అదే ఈడు మగపిల్లలు మాత్రం సాయంత్రమయ్యేసరికి బంతి పట్టుకుని కిందికి దిగుతూనే ఉన్నారు. వాళ్లకు లేవా పరీక్షలు?

మా ఇంట్లోనూ ఈ చర్చ నడుస్తున్నది. గుంటూరు నుంచి మా అమ్మ ఫోనులో "ఆడపిల్లకి మొహం మీద దెబ్బ తగిలితే ఎట్లారా అబ్బాయ్" అంటుంది. మా ఆవిడకు చదువు వెనకబడుతుందేమోనని భయం. రెండూ కొట్టిపారేసే మాటలు కావు. తలకు తగిలే దెబ్బల విషయంలో బాక్సింగ్ మీద వైద్యులకు ఉన్న అభ్యంతరాలు నాకూ తెలుసు. అందుకే ఆడపిల్లలంతా బాక్సర్లు కావాలని నేననడం లేదు. నిఖత్ గురించి చదువుతూ మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "నాన్నా, గెలిచినప్పుడు అందరూ మెచ్చుకున్నారు సరే. మధ్యలో ఆ పదకొండేళ్లూ వాళ్ల నాన్న ఏమన్నాడు?" నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ పదకొండేళ్లలో ఏనాడూ "ఇక చాలు" అని ఉండడని మాత్రం ఊహించగలను. చర్చ ఇంకా తెగలేదు గాని, మా అమ్మాయి వారానికి మూడు సాయంత్రాలూ క్లాసుకు వెళుతూనే ఉంది.

జమీల్ చేసినట్టు ఉద్యోగం వదిలి వెళ్లమని ఎవరికీ చెప్పే ధైర్యం నాకు లేదు. ఎవరి అప్పులు వారివి, ఎవరి బాధ్యతలు వారివి. మనం ఇవ్వగలిగింది ఇంకొకటుంది. ఆఫీసు నుంచి వచ్చాక గంటసేపు కారు నడపడం, గోడ పక్కన నిలబడి చూడడం, ఓడి వచ్చిన రోజున మార్కుల మాట ఎత్తకుండా ఉండడం. సంఘం పెద్దలకు కూడా ఒక మనవి. మన వార్షిక ఆటల పోటీల్లో పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలకు ముగ్గులు, అంత్యాక్షరి తప్ప మరేమీ మిగలడం లేదు. వచ్చే ఏడాది నుంచి వాళ్లకు పరుగు పందెం, బ్యాడ్మింటన్, కరాటే ప్రదర్శన పెట్టండి. నిర్వహణకు, ప్రథమ చికిత్సకు నేను సిద్ధం.

ఈ తొమ్మిది రోజులూ అమ్మవారి చేతుల్లోని ఆయుధాలకు దండం పెట్టుకుంటాం. దశమినాడు పనిముట్లకు, కార్లకు, కంప్యూటర్లకు కూడా బొట్టు పెడతాం. మన అమ్మాయిల ఆట బూట్లకు, బ్యాట్లకు, బెల్టులకు కూడా ఈసారి ఇంత కుంకుమ పెట్టండి. సభ్య కుటుంబాలన్నిటికీ విజయదశమి శుభాకాంక్షలు.