అంబాసిడర్ క్రోమ్ పార్టులు మార్చేముందు పాతవి పారేయకండి

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది అడిగింది ఒకటే: "బ్రో, మా తాతగారి అంబాసిడర్ ఉంది. బంపర్, గ్రిల్, బ్యాడ్జి అన్నీ పాడైపోయాయి, కొత్తవి వేసేయొచ్చా?" వేసేయొచ్చు. కానీ పాతవి పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేముందు ఇది వినండి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడు "కొత్త పార్ట్" అంటే ఎక్కడో మిగిలిన పాత స్టాక్, లేదంటే ఎవరో చూసి చేసిన నకలు. ఒరిజినల్ పారేయడమంటే బ్యాకప్ లేకుండా డిలీట్ కొట్టడమే.

ముందు అసలు ఏం పాడైందో చూడాలి. క్రోమ్ అంటే మందంగా పోసిన వెండిలాంటిది అనుకుంటాం కదా, కాదు. పైన ఉండే క్రోమియం పొర ఒక మైక్రాన్ కూడా ఉండదు. మనం చూసే మెరుపులో ఎక్కువ భాగం దాని కింద ఉన్న నికెల్‌ది. క్రోమ్‌లో కంటికి కనిపించని పగుళ్లు ఉంటాయి. నికెల్ కూడా ఎక్కడైనా దెబ్బతింటే తేమ నేరుగా ఇనుముదాకా వెళ్లి తుప్పు పైకి వస్తుంది.

కాబట్టి కొనేముందు ఒక పది రూపాయల టెస్ట్. వంటింట్లో అల్యూమినియం ఫాయిల్ ఉంటుందిగా, చిన్న ముక్క ఉండచేసి నీళ్లలో ముంచి బంపర్ మీద మెల్లగా రుద్దండి. గోధుమరంగు మరకలు పోయి మెరుపు వచ్చిందంటే అది పైపై తుప్పే. కడిగి, తుడిచి, వ్యాక్స్ పెడితే చాలు, మార్చే పనే లేదు. గుంటలు మిగిలినా, పొర పెచ్చులుగా లేస్తున్నా ప్లేటింగ్ పోయినట్టే. (ప్లాస్టిక్ మీద, పెయింట్ మీద ఈ ప్రయోగం చేయకండి, గీతలు పడతాయి.)

తర్వాత అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే ఇనుప రేకు. దాన్ని పాత పొర తీయించి, సొట్టలు సరిచేయించి, మళ్లీ ప్లేటింగ్ చేయించుకోవచ్చు. నా ఓటు దీనికే. నకలు బంపర్లు చాలావరకు పల్చని రేకు, వేలితో కొడితేనే తేడా తెలుస్తుంది. అంటుకోకుండా, చేతికి బరువుగా ఉన్న బ్యాడ్జి అయితే జింక్ పోత అయ్యే అవకాశం ఎక్కువ. దాని మీద చిన్న చిన్న పొక్కులు లేచాయంటే లోపల లోహమే తినేసిందన్నమాట. ఒక్కో గుంటా శుభ్రం చేసి, పూడ్చి, అప్పుడు ప్లేటింగ్ చేయాలి. ఇలాంటి చోట మంచి పాత స్టాక్ దొరికితే కొత్తదే నయం.

ప్లేటింగ్ షాపులో అసలు రిస్క్ బఫింగ్ దగ్గర. ఎక్కువ రుద్దితే అక్షరాల అంచులు కరిగిపోయి బ్యాడ్జి సబ్బుబిళ్లలా అవుతుంది. "అంచులు పోకూడదు" అని ఇచ్చేముందే గట్టిగా చెప్పండి, నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. ఇంట్లో మాత్రం క్రోమ్ ప్లేటింగ్ వద్దే వద్దు. పాత పద్ధతిలో వాడే హెక్సావేలెంట్ క్రోమియం క్యాన్సర్ కలిగిస్తుంది.

కొత్తదే కొంటున్నారా? "అంబాసిడర్ గ్రిల్" అని అడిగితే సరిపోదు. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 ముఖాలు వేరు. మీ బండి ఏదో చెప్పి, పాత గ్రిల్ పక్కన పెట్టి రంధ్రాలు కలుస్తున్నాయో లేదో చూడండి. కలవకపోతే కొత్త పార్ట్ బ్రాకెట్ సరిచేయించండి. బాడీకి మాత్రం కొత్త రంధ్రం వేయనివ్వకండి, అక్కడి నుంచే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 నుంచి "వీఏ" సిరీస్‌లో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్చకుండా ఉండాలని రూల్. బ్యాడ్జి గురించి భయం లేదు, కానీ గ్రిల్ పట్టలేదని ముందు రేకు కోయించే మహానుభావులు ఉన్నారు, అందుకే చెప్తున్నా.

ఇక విప్పడం. బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. బ్యాడ్జిని స్క్రూడ్రైవర్ పెట్టి పైనుంచి లేపకండి. వెనక చేయి పెట్టి చూడండి, పిన్నులకు క్లిప్పులో నట్లో ఉంటాయి. జింక్ పిన్ను ఒకసారి విరిగితే అతకడం చాలా కష్టం. విప్పిన ప్రతిదీ కవర్లో వేసి, ఏ వైపుదో రాసిపెట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కిటికీ రబ్బర్ బీడింగ్ చూద్దాం.