రెండు లాప్‌టాపులు, ఒక్కటే సొమ్ము

కందులు అమ్మగా వచ్చిన సొమ్ములోనుండి నలుబదివేల రూపాయలు వేరుగా తీసిపెట్టి, మోమిన్‌పేట మండలమునకు చెందిన రైతు ఒకరు తన కుమార్తెను, కుమారుని వెంటబెట్టుకొని ఇటీవల మా యింటికి వచ్చిరి. 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాదు జిల్లాలోని ఈ మండలమునుండి ఏటేట పిల్లలు ఇంజనీరింగు చదువునకై హైదరాబాదు పరిసరములకు పోవుచున్నారు. ఆ బాలికకును అక్కడి కళాశాలలో కంప్యూటరు శాఖయందు సీటు వచ్చినది. వసతిగృహమున ఉండి చదువుకొనవలెను. తండ్రి చేతిలో రెండు కాగితములు ఉండెను. ఒక్కొక్క కాగితముమీద ఒక్కొక్క లాప్‌టాపు వివరములు.

“సార్, రెండూ చూసినం. ధర ఒక్కటే. మా బిడ్డకు నాలుగేండ్లు ఎల్లాలె. ఏది తీసుకుంటే మంచిగుంటది?” అని ఆయన అడిగిరి. “ఆటలు ఆడొచ్చునా సార్?” అని పదవతరగతి చదువు కుమారుడు నడుమ అందుకొనెను. “ఆట సంగతి తర్వాత రా” అని తండ్రి వానిని వారించిరి.

ఈ ప్రశ్న ఆ యొక్క యింటిది మాత్రమే కాదు. ఇట్టి కుటుంబములకు లాప్‌టాపు కొనుట నాలుగేండ్లకు ఒక్కమారు జరుగు పని. ఎంపిక తప్పినచో దిద్దుకొనుటకు మరల సొమ్ము ఉండదు. కావున ఆ రెండు కాగితములను మేము ఎట్లు చదివితిమో పాఠకులకు విన్నవింతుము.

మొదటి యంత్రములో ఏఎండీ రైజెన్ 5 7520యు అను ప్రాసెసరు. రెండవదానిలో ఇంటెల్ కోర్ ఐ3-1215యు. రెంటిలోను మెమరీ 8 జీబీ, నిలువ స్థలము 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, తెర పదునైదున్నర అంగుళములు. చూచినవెంటనే ఎవరికైనను మొదటిదే గొప్పదని తోచును. మూడు కంటె ఐదు పెద్దది. 1215 కంటె 7520 పెద్దది. ఒకప్పుడు వాల్వుల సంఖ్య లెక్కించి రేడియో కొన్నవారు గలరు. ఎక్కువ వాల్వులున్న సెట్టు ఎల్లప్పుడును ఎక్కువ స్పష్టముగ పాడెనని చెప్పజాలము. ఇచ్చటను సంగతి అంతే.

ఏఎండీ సంస్థ 2022లో ప్రకటించిన నామకరణపద్ధతిలో ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క అర్థము గలదు. 7520లో మొదటి 7 అనునది 2023వ సంవత్సరపు శ్రేణిని తెలుపును. తరువాతి 5 ఆ శ్రేణిలోని అంతస్తు. మూడవదియైన 2 మనకు ముఖ్యమైనది. అది లోపలి నిర్మాణము ఏ తరమునకు చెందినదో చెప్పును. 2 అనగా జెన్ 2. ఆ నిర్మాణము 2019లో వెలువడినది. అనగా పేరు 2023 నాటిది, లోపలి యంత్రము అంతకు నాలుగేండ్ల ముందటిది. దీనిలో కోర్లు నాలుగు. కోరు అనగా ప్రాసెసరులో పనిచేయు ఒక్కొక్క చేయి అనుకొనవచ్చును.

ఇంటెల్ వారి 1215లో మొదటి 12 అనునది పండ్రెండవ తరమును తెలుపును. ఇది 2022లో వచ్చినది. దీనిలో ఆరు కోర్లు గలవు. రెండు వేగము గలవి, నాలుగు మితవ్యయము గలవి. ఒక పనిని ఒక్క కోరే త్వరగ ముగింపవలసివచ్చినపుడు ఈ వేగపు కోర్లు జెన్ 2 కోర్లను మించును. బ్రౌజరులో పుట తెరచుట, వ్రాసిన ప్రోగ్రామును పరీక్షించుట మొదలైన నిత్యకృత్యములలో పలుమారులు కావలసినది ఇట్టి వేగమే.

ఇక ఆటల సంగతి. ఈ రెండు యంత్రములలోను బొమ్మలు గీయుటకు వేరు గ్రాఫిక్స్ కార్డు లేదు. ఆ పనియును ప్రాసెసరు లోపలి భాగమే చేయును. దానికి కావలసిన మెమరీని అదే 8 జీబీనుండి పంచుకొనును. 7520యులోని గ్రాఫిక్స్ భాగమునందు గణనయూనిట్లు రెండు మాత్రమే. దానికి రెండేండ్ల ముందు, 2021లో, వచ్చిన రైజెన్ 5 5500యు అను ప్రాసెసరులో ఇట్టివి ఏడు ఉండెను. కావున రైజెన్ 5 అను పేరు ఒక్కటియే చూచి కొనరాదు. ఐ3-1215యులోని గ్రాఫిక్స్ భాగము గొప్పది కాదు గాని 7520యు కంటె మేలు. 2006లో వెలువడి నేటికిని మన పిల్లలు విడువని క్రికెట్ 07, మైన్‌క్రాఫ్ట్, తక్కువ నాణ్యతలో వాలొరెంట్, ఇట్టివి దానిమీద నడచును. నేటి భారీ ఆటలు రెంటిమీదను నడువవు. ఈ మాట ఆ బాలునికి ముందే చెప్పితిమి. కొన్న పిదప తెలియుటకంటె అదే మంచిది.

ఇంతకంటె ముఖ్యమైన భేదము మెమరీయందు గలదు. మొదటి యంత్రములోని మెమరీ మదరుబోర్డుకే టంకము వేసి అతుకబడినది. ఆ ప్రాసెసరుతో వాడు మెమరీ జాతియే అట్టిది. కావున 8 జీబీతో కొన్నచో నాలుగేండ్లును 8 జీబీయే. రెండవ యంత్రములో రెండు గళ్లు ఉండెను. ఒకదానిలో 8 జీబీ పలక, రెండవది ఖాళీ. అందు మరియొక 8 జీబీ పలక అమర్చినచో మొత్తము 16 అగుటయే కాక, రెండు పలకలు ఒకేసారి సమాచారము అందించుటచే గ్రాఫిక్స్ వేగమును పెరుగును. బావికి ఒక చేదకు బదులు రెండు వేసినట్లు.

16 జీబీ నిజముగ కావలయునా యని తండ్రి అడిగిరి. మొదటి సంవత్సరమున సీ, పైథాన్ నేర్చుటకు 8 చాలును. మూడవ సంవత్సరమున మొబైలు అప్లికేషనులు తయారుచేయుటకు ఆండ్రాయిడ్ స్టూడియో వాడవలసివచ్చినచో, ఎమ్యులేటరుతో కలిపి 16 జీబీ ఉండవలెనని దాని తయారీదారులే చెప్పుచున్నారు. కృత్రిమమేధ పాఠములకు పెద్ద యంత్రము కొననక్కరలేదు. గూగుల్ కొలాబ్ వంటి సౌకర్యములలో దూరముననున్న కంప్యూటరుమీద ఉచితముగ కొంతమేర అభ్యాసము చేయవచ్చును. అయితే 2025 చివరినుండి మెమరీ ధరలు ప్రపంచమంతటను బాగుగ పెరిగినవి. కావున “తరువాత వేసికొందములే” అనుటకు ముందు పలక ధర కనుగొని, దానిని మొత్తము ఖర్చులో కలిపి చూడవలెను.

మొదటి యంత్రమునకు గుణములు లేవని కాదు. అది తేలిక, పైగా విద్యుత్తు తక్కువ తినును. బ్యాటరీ సామర్థ్యమును వాట్-గంటలలో ముద్రింతురు. దానిని యంత్రము వాడు వాట్లతో భాగించినచో ఎన్ని గంటలు నిలుచునో తెలియును. 42 వాట్-గంటల బ్యాటరీ గల యంత్రము పాఠములు చదువునపుడు 7 వాట్లు వాడినచో ఆరు గంటలు నిలుచును. అదే యంత్రము ఆటవేళ 21 వాట్లు తిన్నచో రెండు గంటలే. దినమంతయు తరగతులలో, బస్సులలో గడిపి, వ్రాతపని, పాఠముల వీడియోలు తప్ప వేరు అక్కరలేని డిగ్రీ విద్యార్థికి మేము మొదటిదానినే సూచించియుందుము. వసతిగృహపు బల్లవద్ద, ప్లగ్గు ప్రక్కన కూర్చుండి ప్రోగ్రాములు వ్రాయు ఈ బాలికకు రెండవది తగును.

“మరి గేమింగు లాప్‌టాపు?” అని కుమారుడు పట్టువిడువక అడిగెను. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు గల యంత్రమునకు ధర హెచ్చు, బరువు హెచ్చు, బ్యాటరీ ఆయువు తక్కువ. సివిలు, మెకానికల్ శాఖలలో త్రిమితీయ నమూనాలు గీయువారికి ఆ ఖర్చు అర్థవంతము. కేవలము సెలవులలో ఆడు ఆటకై తండ్రి అప్పుచేసి కొనవలసినది కాదు.

పాత యంత్రము కొనినచో సొమ్ము మిగులునుగదా యనియు వారు యోచించిరి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఇంటెల్ యంత్రములలో సాధారణముగ ఎనిమిదవ తరమునకు ముందటివి విండోస్ 11కు అర్హములు కావు. కావున పాతది కొనువారు తరమును చూచియే కొనవలెను.

సికింద్రాబాదు ప్యారడైజ్ వద్ద చినాయ్ ట్రేడ్ సెంటరులో కంప్యూటరు అంగళ్లు అనేకము గలవు. అచ్చటగాని, మరెచ్చటగాని, సొమ్ము చెల్లించుటకు ముందు చూడవలసినవి చెప్పి పంపితిమి. ప్రాసెసరు పూర్తి పేరు, చివరి అక్షరముతో సహా, బిల్లులో వ్రాయించుకొనవలెను. మెమరీ గడి ఖాళీగ ఉన్నదో లేదో ఆ నమూనా సంఖ్యతో సరిచూడవలెను. ఏలయన ఒకే పేరుగల నమూనాలలో కొన్నింటికి గడి ఉండును, కొన్నింటికి ఉండదు. తెరను ప్రక్కనుండి చూడవలెను. రంగులు వెలవెలబోయినచో నాలుగేండ్లు కన్నులకు శ్రమ. విండోస్ అసలైనదో కాదో, వారంటీలో మనిషి ఇంటికి వచ్చునో లేక మనమే యంత్రమును మోసికొనిపోవలెనో అడుగవలెను. మోమిన్‌పేటనుండి నగరమునకు పోయివచ్చుట ఒక దినపు కూలి, బస్సు ఛార్జీలు. అదియును ధరలో భాగమే.

పదిదినముల తరువాత ఆ తండ్రి ఫోను చేసిరి. రెండవ యంత్రమే కొన్నారట. మొదటి అంగడిలో చూపిన నమూనాకు ఖాళీ గడి లేదని బాలికయే కనిపెట్టి, వేరొక అంగడికి నడిపించినదట. పలక మాత్రము ఇప్పుడు వేయలేదు. మూడవ సంవత్సరమునకు వచ్చు కందిపంట చూచి వేయుదుమన్నారు. కుమారుని సంగతి అడుగగా ఆయన నవ్వి, “అక్క సెలవులకొస్తెనే ఆట అని ఒప్పందం చేసిన్రు సార్, ఇద్దరూ” అనిరి.