ఫోటోల డీవీడీ: వచ్చెడి చిక్కులు

1986వ సంవత్సరము ఆగస్టు మాసమున గోదావరి పొంగి, ధవళేశ్వరముకడ సెకనుకు 35 లక్షల ఘనపుటడుగుల నీరు పాఱినప్పుడు, నీరు సొచ్చిన లంకగ్రామముల యిండ్లలో ధాన్యమే గాక పెట్టెలలోని పెండ్లిఫోటోలును పాడైనవి. ధాన్యము మఱుసటి పంటకు మరల వచ్చును, ఫోటో రాదు. కావుననే మిగిలిన ఫోటోలను స్కాను చేయించి, పాటతోగూడ నొకదాని వెనుక నొకటి కనబడునట్లు డీవీడీమీద కెక్కించుకొన్నవారు మనలో పెక్కురు గలరు. తీరా పెద్దలను టీవీ యెదుట కూర్చుండబెట్టి డిస్కు పెట్టునప్పటికి యంత్రము దానిని గుర్తింపకుండుటయు తఱచుగా జరుగుచున్నది.

దీనికి ముఖ్యకారణ మొకటి కలదు. ఫోటోల ఫైళ్లను డిస్కుమీదికి నకలు చేయుట వేఱు, వీడియో డీవీడీ తయారుచేయుట వేఱు. మొదటిది కంప్యూటరునకు చాలును గాని పాత ప్లేయరులు పెక్కింటికి చాలదు. వాటికి బొమ్మలన్నియు ఎంపెగ్-2 అను పద్ధతిలోనికి మాఱి, 'వీడియో టీఎస్' అను ఫోల్డరులో నుండవలయును. ఈ పనికై విండోస్ 7లో 'డీవీడీ మేకర్' అను ప్రోగ్రాము ఉండెడిది; 2012లో వచ్చిన విండోస్ 8తో దానిని తీసివేసిరి. ఇప్పటి కంప్యూటరులో దానికై వెదకి ప్రయోజనము లేదు. 'డీవీడీ స్టైలర్' వంటి యుచిత ప్రోగ్రాములు ఆ పని చేయును.

ఖాళీ డిస్కు పెట్టగానే విండోస్ రెండు మార్గములు చూపును: పెన్‌డ్రైవువలె వాడుకొనుట యొకటి, ప్లేయరులో నాడుటకై వ్రాయుట మఱియొకటి. మొదటిదానిని నొక్కినవారి డిస్కు టీవీయొద్ద మూగవోవుట వింతగాదు. వ్రాత ముగిసినపిదప డిస్కును మూసివేయు 'ఫైనలైజ్' అను పనియు జరుగవలెను. అది లేనిచో డిస్కు ఖాళీగా నున్నదనియే ప్లేయరు తలచును.

పని సగములో నాగిపోవుచున్నచో, మొదట డిస్కు జోలికి పోక, ఐఎస్ఓ అను ఫైలుగా కంప్యూటరులోనే తయారుచేసి చూడుడు. అదియు నాగినచో తప్పు డిస్కుది కాదు, ఏదో యొక ఫోటోదే. రెండువందల ఫోటోలలో దానిని బట్టుటెట్లు? సగము ఫోటోలతో చేసి చూచి, ఆగిన సగమును మరల సగము చేయుడు. ఏడెనిమిది మాఱులలో దొరకిపోవును, బియ్యములో ఱాయి వెదకుటకంటె సులభము. 2017 నుండి ఐఫోనులు వాడుచున్న హెచ్ఈఐసీ ఫైళ్లు పాత ప్రోగ్రాములకు తెలియవు. వాటిని ముందుగా జేపెగ్గుగా మార్చుకొనవలెను.

ఫైలు చక్కగా తయారై, వ్రాతలోనే చెడుచున్నచో వేగము తగ్గింపుడు. డీవీడీ-ఆర్ మీది వ్రాత తాటియాకుపై గంటపువ్రాత వంటిది. లేసరు కిరణము రంగుపొరను మార్చినపిదప చెఱిపివేయుటకు వీలులేదు. నాలుగురెట్ల వేగమున నిండుడిస్కునకు పట్టునది యించుమించు పావుగంట. పదునాఱురెట్ల వేగమున ముగించి పంపు దుకాణమువారికి తొందర గాని మనకేమి తొందర? ఆ పావుగంటయు తక్కిన ప్రోగ్రాములు మూసివేయుడు. కరెంటు పోవు ప్రమాదమున్నచో ల్యాప్‌టాపు బ్యాటరీ నిండుగా నుండవలెను.

బొమ్మలు మసకగా నున్నవని కొందఱు డిస్కును నిందింతురు. మన దేశపు పాల్ పద్ధతిలో డీవీడీ చిత్రమునకు 720 అడ్డు, 576 నిలువు చుక్కలు మాత్రమే. అనగా నాలుగులక్షల పైచిలుకు. ఫోను తీయు ఫోటోలో కోటికి మించి యుండును. ఆ స్పష్టత యంతయు వీడియోలో పోవును గాన అసలు ఫోటోలను విడువరాదు. రెండువందల ఫోటోలు, ఒక్కొక్కటి ఆఱు సెకనులు చొప్పున, ఇరువది నిమిషములే యగును, 4.7 జీబీల డిస్కులో చాల చోటు మిగులును. అసలు ఫైళ్లను వేఱొక ఫోల్డరులో నందే చేర్చుడు. తాతగారి యొక్క ముఖమును పెద్దది చేసి గోడకు కట్టించుకొనవలెనన్నచో పనికివచ్చునవి యవియే. ఇంకొక ప్రతి పెన్‌డ్రైవులోను నుండవలెను, ఏలయన నేటి ల్యాప్‌టాపులు పెక్కింటికి డీవీడీ పెట్టు చోటే లేదు.

డిస్కు వ్రాసిన యంత్రములోనే ఆడినచో నమ్మవలదు. పొరుగువారి ప్లేయరులోను చివరివఱకు చూడుడు. పేరు మెత్తని మార్కరుతో పైవైపున వ్రాయవలెను, కాగితము అంటింపరాదు. దుమ్ము పడినచో మెత్తని గుడ్డతో నడుమనుండి అంచువైపునకు తిన్నగా తుడువవలెను, గుండ్రముగా గాదు. మన డెల్టా చెమ్మకు డిస్కులను గోడకానించి పెట్టక, డబ్బాలో నిలువుగా నుంచుడు.

అమెరికాలోని పిల్లలకు పంపునది మాత్రము ఎన్టీఎస్సీ పద్ధతిలో వేఱుగా చేయింపవలెను. అచ్చటి ప్లేయరులు పెక్కు మన పాల్ డిస్కును చూపవు.