మీకు తెలుసా? కోడి ఈకల బేరంతో మొదలైన అంగడి

బేగంబజార్‌లోనో, విజయవాడ వన్‌టౌన్‌లోనో హోల్‌సేల్ కొట్లలో వేలాడే హెయిర్ క్లిప్పులు, కీచైన్లు, ప్లాస్టిక్ పూలు, బొత్తాలు ఎన్నో ఒకే ఊరి నుంచి బయల్దేరి వస్తాయని మీకు తెలుసా? ఆ ఊరు యీవూ. చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో, షాంఘైకి నైరుతి దిక్కున సుమారు 280 కిలోమీటర్ల దూరంలో ఉంది. దానికి సముద్రం లేదు, రేవు లేదు. సరుకు నింగ్బో రేవుకి వెళ్లి ఓడెక్కుతుంది. 1957 నుంచి గ్వాంగ్‌జౌలో ఏటా రెండుసార్లు జరిగే కాంటన్ ఫెయిర్‌కి పెద్ద ఆర్డర్లవాళ్లు వెళ్తే, పది రకాలు కలిపి ఒక కంటైనర్ నింపుకోవాలనుకునే చిన్న వర్తకులు యీవూ దారి పడతారు. మొదటి చైనా ప్రయాణంలో నేను ఎక్కువ సమయం గడిపిందీ అక్కడే.

యీవూ ఇంటర్నేషనల్ ట్రేడ్ సిటీలో సుమారు 75 వేల దుకాణాలున్నాయి. ఒక్కో దుకాణం ముందు మూడు నిమిషాలే ఆగుతూ, రోజుకు ఎనిమిది గంటల చొప్పున తిరిగినా అన్నీ చూడ్డానికి ఏడాదీ మూడు నెలల పైనే పడుతుంది. అందుకే సరుకుల వారీగా విభాగాలు చేశారు. బొమ్మలు, కృత్రిమ పూలు, గిల్టు నగలు ఒక చోట, గొడుగులు, సంచులు, తాళాలు మరో చోట, సాక్సులు, తువాళ్లు ఇంకో చోట ఉంటాయి. ఏం కొనాలో తేల్చుకోకుండా వెళ్తే కాళ్లు అరుగుతాయి గాని పని కాదు.

ఇంత పెద్ద అంగడికి పెట్టుబడి కోడి ఈకలంటే నమ్ముతారా? యీవూ నేల అంత సారవంతమైనది కాదు. ఆ ఊరి రైతులు పనుల్లేని రోజుల్లో చెరుకుతో చేసిన బెల్లం ముక్కలు కావడిలో పెట్టుకుని, చేతిలో గిలక డప్పు వాయిస్తూ ఊరూరా తిరిగేవాళ్లు. బెల్లం ముక్క ఇచ్చి ఇంట్లో పోగైన కోడి ఈకలు తీసుకునేవాళ్లు. మంచి ఈకలు దుమ్ము దులిపే కుంచెలకు పోయేవి, మిగిలినవి వరి పొలానికి ఎరువయ్యేవి. మన పల్లెల్లో తలవెంట్రుకలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చిపోయే వ్యాపారం లాంటిదే. తర్వాత ఆ కావడిలోకి సూదులు, దారాలు, బొత్తాలు వచ్చి చేరాయి.

అయితే ఆ రోజుల్లో వీధి వ్యాపారం నేరం. సరుకు లాక్కునేవాళ్లు, తరిమేవాళ్లు. 1982లో ఫెంగ్ ఐచియెన్ అనే వీధి వ్యాపారి, కౌంటీ పార్టీ కార్యదర్శి షియె గావ్‌హువా ఆఫీసు నుంచి బయటికి వస్తుంటే అడ్డగించి నిలదీసింది. మాకు బతుకుతెరువు ఇది తప్ప లేదు, ఎందుకు తరుముతున్నారని అడిగింది. ఆయన ఆమెను లోపలికి పిలిచి విన్నాడు. తన పదవికి ముప్పని తెలిసీ ఆ ఏడాది సెప్టెంబర్‌లోనే వీధి అంగడికి అనుమతి ఇప్పించాడు. 2018లో చైనా ప్రభుత్వం సంస్కరణలకు దారిచూపినవాళ్లను సత్కరించినప్పుడు ఆయన పేరూ అందులో ఉంది. యీవూలో నేను చూసిన అన్నిటికన్నా ఈ కథే నాకు విలువైనదనిపించింది. తోపుడుబండిని అడ్డంకిగా కాక పెట్టుబడిగా చూసిన ఒక్క అధికారి వల్ల ఊరి రాత మారింది. మన మున్సిపాలిటీల్లో వీధి వ్యాపారుల మీద నిర్ణయాలు తీసుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

బేరం ఎలా సాగుతుందో చూడండి. జిప్పులమ్మే ఒక దుకాణంలో పాతికేళ్ల అమ్మాయి క్యాలిక్యులేటర్ మీద ధర కొట్టి నా వైపు తిప్పింది. నేను నా ధర కొట్టి ఆమె వైపు తిప్పాను. నోట మాట లేదు. ధర కుదిరాక చీటీ మీద సరుకు నంబరు, పెట్టెకు ఎన్ని డజన్లు, పెట్టె ఎన్ని ఘనపు మీటర్లు అని రాసిచ్చింది. ఆ చివరి అంకె ముఖ్యం. ఇరవై అడుగుల కంటైనర్‌లో సర్దగలిగేది సుమారు 28 ఘనపు మీటర్లే.

క్యాలిక్యులేటర్ లేకపోతే చైనావాళ్లు ఒక్క చేత్తోనే పది దాకా అంకెలు చూపిస్తారు. బొటనవేలు, చిటికెన వేలు చాచితే ఆరు. చూపుడువేలు కొక్కెంలా వంచితే తొమ్మిది. జాగ్రత్త పడాల్సింది ఎనిమిది దగ్గర. బొటనవేలు, చూపుడువేలు చాచి చూపిస్తారు. మనవాళ్లు అది రెండనుకుని సంబరపడతారు.

హైదరాబాద్ ముత్యాలకూ యీవూ దారితో సంబంధం ఉంది. హాంగ్‌జౌ నుంచి యీవూకి వెళ్లే హైస్పీడ్ రైలు జూజి మీదుగా పోతుంది. మంచినీటి ముత్యాల సాగుకు పేరున్న ఊరది. ఒక్కో ఆల్చిప్పలో పదుల కొద్దీ ముత్యాలు పండిస్తారు. పత్తర్‌గట్టి కొట్లలో దండలుగా మారే మంచినీటి ముత్యాలు ఎక్కువగా చైనావే.

యీవూ సరుకుకి ఓడలతో పాటు రైలు దారీ ఉంది. 2014 నవంబర్‌లో యీవూ నుంచి స్పెయిన్‌లోని మాడ్రిడ్‌కి గూడ్సు రైలు మొదలైంది. దూరం సుమారు 13 వేల కిలోమీటర్లు. పట్టాల వెడల్పు మారే సరిహద్దుల్లో కంటైనర్లను ఒక రైలు మీంచి దించి మరో రైలు మీదికి ఎక్కిస్తారు.

వెళ్లేవాళ్లకు కొన్ని సంగతులు. చైనా అంతటికీ ఒకటే టైము, మనకన్నా రెండున్నర గంటలు ముందు. రైలు టికెట్‌కు పాస్‌పోర్టే ఆధారం. రైలు పెట్టెల్లో వేడినీళ్ల కుళాయి ఉంటుంది. గూగుల్, వాట్సాప్ అక్కడి నెట్‌లో రావు. మన సిమ్ రోమింగ్‌లో ఉంటే మాత్రం సాధారణంగా పనిచేస్తాయి. టీ బంకు దగ్గరా క్యూఆర్ కోడే కాబట్టి, బయల్దేరే ముందే అలీపే ఫోన్‌లో వేసుకుని కార్డు జతచేసుకోండి.

ఒప్పందం కాగితం మీద సంతకం చూసి తృప్తిపడొద్దు. చైనాలో కంపెనీ మాటకు గుర్తు గుండ్రటి ఎర్ర ముద్ర. దాన్ని పోలీసు శాఖ దగ్గర నమోదు చేయించాలి. ఆ ముద్రలో ఉన్న పేరూ, మీరు అడ్వాన్సు పంపే బ్యాంకు ఖాతా పేరూ ఒకటేనా అని చూసుకోండి. చైనా కొత్త సంవత్సరం జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. అప్పుడు ఫ్యాక్టరీలు వారాల తరబడి మూతపడతాయి. ఉగాదికి అమ్మాల్సిన సరుకైతే డిసెంబర్‌లోపే తయారై ఉండాలి.

పిల్లల బొమ్మలు తెప్పించాలనుకునేవాళ్లకు ఒక మాట. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర తప్పనిసరి. దానికి లైసెన్సు తయారుచేసే ఫ్యాక్టరీ పేరు మీదే ఉండాలి. దుకాణంలో ఎంత చవకగా ఇచ్చినా ఆ లైసెన్సు లేని బొమ్మ మన కస్టమ్స్ దాటదు. ముందు అది అడగండి, ధర తర్వాత అడగండి.