తారు కింది సాక్ష్యం: ‘డియర్ కామ్రేడ్స్’ చిత్రంలో కథానాయిక స్థానం

1962 జూన్ 1న సోవియట్ ప్రభుత్వం మాంసం, వెన్న ధరలను పెంచింది. నొవొచెర్కాస్క్ నగరంలోని విద్యుత్ రైలింజన్ల కర్మాగారంలో అంతకుముందే కార్మికుల వేతనాలకు కోత పడింది. రెండూ కలిసి సమ్మెకు దారితీశాయి. మరునాడు నిరాయుధులైన నిరసనకారులపై కాల్పులు జరిగి 26 మంది మరణించారు. ఆపైన ఏడుగురికి మరణశిక్ష అమలైంది. ఆంద్రేయ్ కొంచలోవ్‌స్కీ 2020 నాటి నలుపు-తెలుపు చిత్రం ‘డియర్ కామ్రేడ్స్’కు ఇదే ఇతివృత్తం. (2019లో వచ్చిన తెలుగు ‘డియర్ కామ్రేడ్’తో దీనికి సంబంధం లేదు.)

ఇందులో కథానాయిక సమ్మె చేసిన కార్మికురాలు కాదు. నగర పార్టీ కమిటీలో పనిచేసే ల్యూడా. సమ్మెకారులను కఠినంగా శిక్షించాలని వాదించిన ఆమెకు, కాల్పుల తర్వాత సొంత కూతురే కనిపించకుండా పోతుంది. అక్కడినుంచి చిత్రం హింసకన్నా, హింస ఆనవాళ్లను చెరిపివేసే తీరుపైనే ఎక్కువగా నిలుస్తుంది. ఎండకు ఇంకిపోయిన నెత్తురు కడిగినా పోకపోవడంతో కూడలిలో కొత్తగా తారు పోస్తారు. చూసినది బయటపెట్టబోమని పౌరులచేత సంతకాలు చేయిస్తారు. మృతదేహాలను ఇతర ప్రాంతాల శ్మశానాలలో రహస్యంగా పూడ్చివేస్తారు. బాధితుల పక్షాన నిలిచిన పాత్ర అయితే ఈ గోప్యతను బయటినుంచే చూసేది. ల్యూడా మాత్రం ఆ వ్యవస్థలో భాగమై ఉండి, అది దాచినదానినే వెతకవలసి వస్తుంది. అయినా స్టాలిన్ కాలమే మేలన్న ఆమె నమ్మకం సడలదు. ఈ వైరుధ్యాన్ని దర్శకుడు సరిదిద్దకపోవడమే చిత్రానికి బలం. చివరకు కూతురు ప్రాణాలతో కనిపించడం, నా దృష్టిలో, ఆ తీవ్రతను కొంత తగ్గించింది.