వృద్ధాశ్రమములలో వసంతకాలము

చైత్రమాసము ప్రవేశించుటతో మన పల్లెలకు క్రొత్త కళ వచ్చును. వేపచెట్టు పూత పూయును; మామిడి కాయలు వ్రేలాడును; మల్లెలు విచ్చును; క్రొత్త బెల్లము, క్రొత్త చింతపండు ఇల్లు చేరును. అయితే ఈ సందడి సరిగా చేరని గడప ఒకటి ఉన్నది. అది వృద్ధాశ్రమము. అందున్న పెక్కుమందికి ఏడాది మొత్తములో ఉగాది దినమే బరువైన దినము. వాకిట చప్పుడైనప్పుడెల్ల కొడుకో కూతురో వచ్చినారేమో యని వారు తల యెత్తి చూతురు. ఎవరో దాతలు వచ్చి పండ్లు, బట్టలు పంచి, ఫొటోలు తీయించుకొని పోవుదురు. తరువాత ప్రొద్దు గ్రుంకువరకు గోడవైపు చూచుచు కూర్చుండుటయే. ఈ బరువును తగ్గింపవచ్చునా? తప్పక తగ్గింపవచ్చును. దానికి పెద్ద ధనము అక్కరలేదు. కొంత ముందుచూపు కావలెను.

మన దేశములో 2011 జనాభా లెక్కల నాటికే 60 ఏండ్లు నిండినవారు 10 కోట్లకు పైగా ఉండిరి. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టములోని 19వ సెక్షను జిల్లాకు కనీసము ఒక్కటి చొప్పున, కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండునట్లు, రాష్ట్ర ప్రభుత్వములు ఆశ్రమములు నెలకొల్పవచ్చునని చెప్పుచున్నది. ఆ ఆశ్రమవాసులకు వైద్యముతోపాటు వినోదసాధనములు కూడ అవసరమని అదే సెక్షను గుర్తించినది. అనగా ముసలివారికి కూడు, గుడ్డ, మందు ఇచ్చినంతనే బాధ్యత తీరిపోదు.

పని లేకపోవుటయే పెద్ద జబ్బు

నలుబది, ఏబది ఏండ్లు పొలములోను, వంటింటిలోను, మగ్గముమీదను పని చేసిన చేతులు ఒక్కసారిగా ఖాళీ యగునప్పుడు మనస్సు క్రుంగును. శరీరము కూడ క్షీణించును. కదలనివారి కండలు తరుగును, కీళ్ళు బిగియును, నిలుకడ తప్పి పడిపోవుట ఎక్కువగును. అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో, 65 ఏండ్లు దాటినవారు సైతము వారమునకు 150 నిమిషములు మొదలు 300 నిమిషముల వరకు మితమైన శ్రమ చేయుట మేలనియు, వారములో మూడు దినములైనను నిలుకడను, కండలను పెంచు అభ్యాసములు చేయవలెననియు చెప్పినది. అంత చేయలేనివారు చేయగలిగినంత చేసినను మంచిదే. వసంతకాలపు పనులు ఈ శ్రమను వ్యాయామమను పేరు లేకుండనే చేయించును.

ఒక నెల ముందుగా

ఫాల్గుణమాసములోనే ఆశ్రమ నిర్వాహకులు, వంటవారు, నర్సు, వృద్ధులలో నలుగురైదుగురు కలసి కూర్చుండవలెను. ఏమేమి చేయవలెనో వృద్ధులనే మొదట అడుగవలెను. ఒక పుస్తకములో ఒక్కొక్కరికి ఒక పుట కేటాయించి మూడు సంగతులు వ్రాసికొనవలెను: ఆమెకు లేక ఆయనకు పూర్వము ఏ పని వచ్చును, ఇప్పుడు ఎంత చేయగలరు, డాక్టరుగారు ఏమి వలదనిరి. మధుమేహము, రక్తపుపోటు, మూత్రపిండముల వ్యాధి ఎవరికున్నవో, మ్రింగుట ఎవరికి కష్టమో ఇందులోనే గుర్తింపవలెను.

అందరిని అన్నిటికి లాగరాదు. ఒకరికి భజన ఇష్టము, మరియొకరికి పులిజూదము, వేరొకరికి చెట్టుక్రింద మౌనముగా కూర్చుండుట ఇష్టము. రాననుట కూడ వారి హక్కే. దినమునకు ఒక్క పని, అదియు అరగంట మొదలు ముప్పావు గంట వరకు చాలును.

చేతికి తగిన పనులు

ఉగాదికి రెండు వారముల ముందు క్రొత్త చింతపండు తెప్పించి గింజలు తీయు పని పెట్టవలెను. కూర్చున్న చోటనే చేయదగిన పని యిది. వ్రేళ్ళకు కదలిక కలుగును, మాటలు వాటంతట అవే సాగును. చూపు తగ్గినవారు సైతము తడవి చేయగలరు. మల్లెలు, చామంతులు దారమునకు కట్టుట, మామిడాకుల తోరణములు కూర్చుట, వేపపూత రేకులు దులిపి ఆరబెట్టుట ఇటువంటివే. గుమ్మడి వడియములు, అప్పడములు పెట్టుటకు ఉదయపుటెండ చాలును; పిండి కలుపువారు ఒకరు, వత్తువారు ఒకరు, కాకులను తోలువారు ఒకరుగా పని పంచవచ్చును. వైశాఖములో ఆవకాయ పెట్టునప్పుడు కాయలు కొట్టు పని వయస్సువారిది. కారము, ఆవపిండి, ఉప్పు పాళ్ళు చెప్పు అధికారము మాత్రము పెద్దమ్మలది. ఆ జాడీలోని పచ్చడి రక్తపుపోటు గలవారి విస్తరిలో మితముగా పడవలెనని వేరుగా చెప్ప నక్కరలేదు.

పురుషులను మరువరాదు. కుండీలలో తులసి, గోంగూర, తోటకూర విత్తించవచ్చును. నడుము వంగనివారికి కుండీలను బల్లయెత్తున నిలుపవలెను. తాటాకు విసనకఱ్ఱ అల్లుట ఎరిగినవారుందురు. వేసవికి ఆ విసనకఱ్ఱలు ఆశ్రమమునకే పనికివచ్చును.

ఇక అన్నిటికంటె మేలైనది చలివేంద్రము. ఆశ్రమపు గేటు ప్రక్క పందిరి వేసి, మూతలున్న కుండలలో శుభ్రమైన నీరు, మజ్జిగ ఉంచి, ఉదయము ఒక గంట, సాయంకాలము ఒక గంట ఇద్దరిద్దరు చొప్పున వృద్ధులు బాటసారులకు దాహమీయవలెను. ఎల్లప్పుడు చేయి చాచి పుచ్చుకొనువారే ఆనాడు చేయెత్తి ఇచ్చువారగుదురు. ఈ మార్పు మనస్సునకు చేయు మేలు ఏ కానుకయు చేయజాలదు.

పండుగ దినమున

ఉగాది పచ్చడిని వృద్ధులే కలుపవలెను. పండ్లు లేనివారికి మామిడి ముక్కలు సన్నగా తురిమి, మధుమేహము గలవారికి బెల్లము తగ్గించి, చెంచాడు మాత్రము ఇచ్చిన చాలును. పంచాంగ శ్రవణమునకు చెవుడు గలవారిని ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. చదువువారు వారికి ముఖము కనబడునట్లు నిలిచి నెమ్మదిగా చదువవలెను. మైకు గట్టిగా పెట్టినంత మాత్రమున మాట స్పష్టము కాదు. వానలెట్లున్నవి, పంటలెట్లున్నవి అని ముసలి రైతులు అడుగక మానరు. వారి కాలపు కరవులను, వరదలను వారిచేతనే చెప్పించిన సభ మరింత రక్తి కట్టును.

శ్రీరామనవమికి పానకము, వడపప్పు ఉండనే ఉన్నవి. నానిన పెసరపప్పు గొంతుకు అడ్డుపడువారికి దానిని మెత్తగా రుబ్బి ఇయ్యవలెను. ఆశ్రమములో క్రైస్తవులు, ముస్లిములు ఉన్న ఈస్టరు నాటి ప్రార్థనకును, చాంద్రమానమును బట్టి ఆ ఋతువులో వచ్చినచో రంజానునకును అదే శ్రద్ధతో ఏర్పాట్లు చేయవలెను.

ఇచ్చట ఒక మాట నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. భర్త పోయిన స్త్రీలను పూలకు, తోరణములకు, కల్యాణపు పీటలకు దూరముగా నిలుపు ఆచారము ఇంకను కొన్నిచోట్ల కలదు. వృద్ధాశ్రమములోని స్త్రీలలో పెక్కుమంది అట్టివారే. పండుగ పేరిట వారిని మూలకు నెట్టినచో, ఆ పండుగ చేయకుండుటయే మేలు. తోరణము కట్టుటకు, హారతి పట్టుటకు, పానకము పంచుటకు వారినే మొదట పిలువవలెను. మొగమాటపడువారిని నిర్బంధింపరాదు, కాని పిలుపు అందరికి అందవలెను.

మంచము దిగలేనివారు

మంచమునకు అంటుకొనియున్నవారికి వసంతము మంచముకడకే రావలెను. పూచిన వేపరెమ్మను, మల్లెదండను చేతికిచ్చి వాసన చూపవలెను. కిటికీ తెరచి కోయిల కూత వినిపింపవలెను. మతిమరపు వ్యాధి గలవారికి నిన్నటి సంగతి తెలియకపోయినను చిన్ననాటి పాట పెదవులమీదికి వచ్చుట తరచు చూచుచున్నాము. అట్టివారిని పెద్ద గుంపులో కూర్చుండబెట్టిన కలతపడుదురు. ఇద్దరు ముగ్గురితో, మెల్లని మాటలతో గడుపుట మంచిది.

ఎండ సంగతి

మన వసంతము చల్లని దేశముల వసంతము వంటిది కాదు. చైత్రము నడుమనే ఎండలు ముదురును. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడగాడ్పులకు రెండు వేలమందికి పైగా మరణించిన సంగతి మరువరాదు. వయస్సు మీరినవారికి చెమట తక్కువ పట్టును, దప్పిక ఆలస్యముగా తెలియును. కావున ఆరుబయటి పనులన్నియు ఉదయము 9 గంటలలోపు, సాయంకాలము 5 గంటల తరువాత మాత్రమే పెట్టవలెను. అడుగువరకు ఆగక గంటకొకమారు నీరో, పలుచని మజ్జిగయో అందింపవలెను. గుండె, మూత్రపిండముల వ్యాధి గలవారికి ఎంత నీరు ఈయవలెనో డాక్టరుగారి చెప్పినట్లు నడువవలెను.

ఒళ్ళు కాలుచు, మాట తడబడుచు, మగతగా ఉన్నచో అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్ళంతయు తుడిచి విసరుచు 108కి ఫోను చేయవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

గ్రామము చేయదగినది

ఒంటిపూట బడుల కాలములో పిల్లలను వారమున కొకసారి, ఎండ ముదురకముందు వచ్చునట్లు, ఉపాధ్యాయులు తీసికొనిరావచ్చును. పిల్లలు ఆట పాటలు చూపి పోవుటకంటె ఒక నోటు పుస్తకముతో వచ్చి పొడుపుకథలు, సామెతలు, పాత వరివంగడముల పేర్లు వ్రాసికొని పోవుట మేలు. అప్పుడు పెద్దలు ప్రేక్షకులు గాక గురువులగుదురు. వచ్చిన పిల్లలే మరల మరల వచ్చిన స్నేహము కుదురును. దాతలకు కూడ మా మనవి యిదియే: పండుగనాడు పది వస్తువులు పంచుటకంటె, నెలకు రెండు మారులు వచ్చి గంటసేపు కూర్చుండుడు. దూరమున నున్న బిడ్డలు రాలేనిచో, ముందుగా చెప్పిన వేళకు తప్పక ఫోనులో మాటాడవలెను. చెప్పి తప్పుటకంటె చెప్పకుండుట నయము. వృద్ధుల కష్టసుఖములకు, న్యాయ సలహాలకు 14567 అను ఎల్డర్‌లైన్ నంబరు కలదు. దానిని ఆశ్రమపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.

వసంతము చిగురించు చెట్లకు మాత్రమే వచ్చునది కాదు. దాని నీడ, పూత, పిట్టల కూత ముదుసలి మ్రానులకు కూడ దక్కును. మన పెద్దలకు అది దక్కునట్లు చూచుట మన పని. ఈ ఫాల్గుణములోనే మీ ఊరి సమీపమున నున్న ఆశ్రమమునకు వెళ్ళి, ఉగాదికి మేమేమి చేయవలెనని గాక, మీకేమి చేయవలెనని యున్నదని అక్కడి పెద్దలను అడుగుడు.