ముదిరిన మూత్రపిండ క్యాన్సరుకు బృంద వైద్యం

మూత్రపిండాన్ని దాటి ఊపిరితిత్తులకు, ఎముకలకు, కాలేయానికి లేదా మెదడుకు వ్యాపించిన క్యాన్సరుకు ఏ చికిత్సను ఏ వరుసలో చేయవలెనో పలు విభాగాల నిపుణులు కలిసి నిర్ణయించి నడిపించే పద్ధతిని బృంద వైద్యం అంటారు. ఈ నిపుణుల సమావేశానికి ట్యూమర్ బోర్డు అని పేరు. తెలంగాణలో ఇటువంటి వైద్యం ప్రధానంగా హైదరాబాదులో లభిస్తున్నది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల రోగులకు బృందం ఒకచోట, ఇల్లు మరొకచోట కావడమే అసలు చిక్కు.

వ్యాధి స్వభావం

పెద్దలలో వచ్చే మూత్రపిండ క్యాన్సర్లలో నూటికి 85కు పైగా రీనల్ సెల్ కార్సినోమా అనే రకానికి చెందినవి. పొగాకు, స్థూలకాయం, అధిక రక్తపోటు దీనికి ముఖ్య కారణాలు. మూత్రంలో రక్తం, నడుము పక్కన నొప్పి, చేతికి తగిలే గడ్డ, ఈ మూడూ కలిసి కనబడేసరికి వ్యాధి తరచుగా ముదిరి ఉంటుంది. ఇతర క్యాన్సర్లకు వాడే సాధారణ కీమోథెరపీకి ఇది అంతగా లొంగదు.

బృందం ఎందుకు?

గడ్డ ఉన్నది గనుక ముందు మూత్రపిండాన్ని తీయించవలెనని కుటుంబం తొందరపడటం సహజం. చాలాకాలం వైద్యులు కూడా అలాగే చేసేవారు. అయితే 2018లో వెలువడిన కార్మెనా అనే పరిశోధన ఈ అలవాటును ప్రశ్నించింది. వ్యాధి వ్యాపించిన 450 మంది రోగులలో శస్త్రచికిత్స చేసి సునిటినిబ్ ఇచ్చినవారు మధ్యస్థంగా 13.9 నెలలు, శస్త్రచికిత్స లేకుండా ఆ మందు మాత్రమే ఇచ్చినవారు 18.4 నెలలు జీవించారు. అంటే శస్త్రచికిత్స ఎవరికీ వద్దని కాదు. వ్యాధి కొద్ది చోట్లకే వ్యాపించి, ఆరోగ్యం బాగున్నవారికి అది ఇప్పటికీ ఉపయోగపడుతుంది. ఎవరు ఏ కోవకు చెందుతారో శస్త్రవైద్యుడు ఒక్కడే తేల్చలేడు.

రోగి నిత్యకృత్యాలు చేసుకోగల శక్తి, రోగనిర్ధారణకు చికిత్సకు మధ్య గడిచిన కాలం, హీమోగ్లోబిన్, కాల్షియం, న్యూట్రోఫిళ్ళు, ప్లేట్‌లెట్లు అనే ఆరు అంశాలను బట్టి రోగులను మూడు తరగతులుగా విభజిస్తారు. గడ్డ నుండి తీసిన ముక్కను పాథాలజిస్టు, స్కానును రేడియాలజిస్టు పరిశీలిస్తారు. మిగిలిన మూత్రపిండం పనితీరును నెఫ్రాలజిస్టు, మందుల ఎంపికను మెడికల్ ఆంకాలజిస్టు, ఎముకలకో మెదడుకో పాకిన గడ్డలను రేడియేషన్ ఆంకాలజిస్టు చూస్తారు. నొప్పిని తగ్గించే పాలియేటివ్ వైద్యుడు చివరి రోజులలో కాక మొదటి నుండే బృందంలో ఉండటం మంచిది.

మందులు, వాటి వెల

2005 డిసెంబరులో సొరాఫెనిబ్, 2006 జనవరిలో సునిటినిబ్ అమెరికాలో అనుమతి పొందాయి. ఇవి కణితికి రక్తనాళాలు పెరగకుండా అడ్డుకునే మాత్రలు. సొరాఫెనిబ్ కథలో హైదరాబాదుకు ప్రత్యేక స్థానం ఉన్నది. బేయర్ సంస్థ నెలకు సుమారు రూ. 2.8 లక్షలకు అమ్ముతున్న ఈ మందును తయారు చేయుటకు 2012 మార్చిలో హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మాకు కంపల్సరీ లైసెన్సు ఇవ్వబడినది. భారతదేశంలో ఇదే మొదటిది. అప్పట్లో నాట్కో నెలసరి వెల రూ. 8,900 లోపే ఉండేది. బేయర్ అభ్యంతరాన్ని సుప్రీంకోర్టు 2014 డిసెంబరులో తోసిపుచ్చింది. ఈ వ్యాధికి సొరాఫెనిబ్ ఇప్పుడు మొదటి ఎంపిక కాదు. 2018 నుండి నివోలుమాబ్, ఇపిలిముమాబ్ వంటి ఇమ్యునోథెరపీ మందుల జోడీలు ముందుకు వచ్చాయి. వెల సమస్య మాత్రం వాటితో మళ్ళీ మొదటికి వచ్చింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో రూ. 10 లక్షలకు పెంచింది. బృందం సూచించిన చికిత్సకు పథకంలో అనుమతి ఉన్నదో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగానే అడగడం అవసరం.

మూడు పట్టణాల రోగులు

హైదరాబాదు నుండి సిరిసిల్ల సుమారు 140 కి.మీ., జగిత్యాల సుమారు 190 కి.మీ. దూరంలో ఉన్నాయి. కోరుట్ల జగిత్యాలకు ఇంకా అవతల ఉన్నది. నగరంలోని రెడ్ హిల్స్‌లో ఉన్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుండి పనిచేస్తున్న ప్రభుత్వ సంస్థ. పంజాగుట్టలోని నిమ్స్‌లో, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రిలో కూడా క్యాన్సరు విభాగాలు ఉన్నాయి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనాయి. రక్తపోటు, క్రియాటినిన్, థైరాయిడ్, రక్తకణాల పరీక్షల కోసం ప్రతిసారీ నగరానికి వెళ్ళనవసరం లేదు.

రక్తనాళాలను అడ్డుకునే మాత్రల వల్ల కొందరికి అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మండుతాయి, ఒత్తిడి పడే చోట పొక్కులు లేస్తాయి. పుస్తకాలలో ఇది చిన్న దుష్ఫలితంగా కనబడుతుంది. కానీ బీడీలు చుట్టే స్త్రీకి, సిరిసిల్లలో మరమగ్గం ముందు గంటల తరబడి నిలబడే కార్మికుడికి ఇది కూలి పోవడమే. అటువంటి రోగి ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానివేసే ప్రమాదం ఉన్నది. మోతాదు తగ్గించి, యూరియా కలిసిన లేపనం రాస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది. కనుక రోగి వృత్తి ఏమిటో బృందం మొదటి రోజే తెలుసుకొనవలెను.

ఇమ్యునోథెరపీ తీసుకుంటున్నవారికి విరేచనాలు పట్టుకుంటే అది మామూలు అజీర్ణం కాకపోవచ్చు. రోగనిరోధక వ్యవస్థ సొంత పేగుపైనే దాడి చేయడం వల్ల కూడా అలా జరుగుతుంది, దానికి స్టెరాయిడ్లు అవసరమవుతాయి. ఊరిలోని వైద్యునికి ఈ సంగతి తెలియకపోతే యాంటీబయాటిక్స్‌తో విలువైన రోజులు గడిచిపోతాయి. ఆయాసం కూడా ఇటువంటి హెచ్చరికే. వెన్నునొప్పితో పాటు కాళ్ళు బలహీనపడితే క్యాన్సరు వెన్నుపామును నొక్కుతున్నదేమోనని ఆ రోజే ఎం.ఆర్.ఐ. తీయించవలెను. మందుల పేర్లు, చివరి సూది వేసిన తేదీ, బృందంలోని నర్సు ఫోను నంబరు ఉన్న ఒక కాగితం రోగి జేబులో ఉంటే దూరం కొంత తగ్గుతుంది. కొడుకులు గల్ఫ్ దేశాలలో ఉండి, వృద్ధులే ఆసుపత్రికి వెళ్ళే ఇళ్ళలో దీని అవసరం మరింత ఎక్కువ.

తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మాత్రలు ప్రధాన ఔషధం. మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు దీనిని సులభంగా పొందే వీలు కల్పించారు. వైద్యుని పర్యవేక్షణలో నొప్పి కోసం వాడితే వ్యసనంగా మారుతుందనే భయం చాలావరకు నిరాధారం. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది కనుక దానికి మందును మొదటి మాత్రతోనే ఇస్తారు.